టీకా ముందు, రక్తం తర్వాత

ఉదయం ఆరు పదికి మొయినాబాద్‌లో ట్రక్కు దిగాం. ముసురు. నల్లరేగడి. పది అడుగులు వేసేసరికి ఒక్కో బూటుకు అరెకరం అంటుకుంది. ఐటీ ఊపు మీదున్న రోజులవి. మా గుడారాల మధ్య ఖాళీ చూసి ప్లాటు రాళ్లు పాతడానికి ఇద్దరు బ్రోకర్లు వచ్చారు. సెంట్రీ తుపాకీ చూపిస్తే, "కార్నర్ బిట్టు సార్, జర సోచాయించుండ్రి" అన్నారు.

నేను సైన్యంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ ఆరు వారాల శిబిరంలో నా పని: నలభై మందికి హెపటైటిస్ బి టీకా వేయడం, రక్తదాతల జాబితా కోసం అదే జబ్బుకు వాళ్ల రక్తం పరీక్షించడం. ఏది ముందో ఆర్డరులో లేదు. పట్టిక నేనే గీశాను. సోమవారం టీకా. గురువారం రక్తం.

గురువారం రెండు నలభైకి, మనిషికో గుంత చొప్పున నమూనాలు పోసిన పరీక్ష ప్లేటులో తొమ్మిది గుంతలు పచ్చబడ్డాయి. పసుపు రంగంటే జబ్బున్నట్టు. మళ్లీ చేశాను. మళ్లీ తొమ్మిదే. శత్రువు ఒక్క గుండు పేల్చకుండా మా పటాలాన్ని ఊడ్చేశాడనుకున్నాను.

ఆ తొమ్మిది మందిలో మా వైర్‌లెస్ ఆపరేటర్ ఒకడు. చేవెళ్ల అల్లుడు. ఐదింటికి కబురొచ్చింది: అక్కడి దవాఖానలో అతని భార్యకు ఆడపిల్ల పుట్టింది. పరీక్ష ఫలితం అతనికి అప్పటికే చెప్పాను. సెలవు చీటీతో నా గుడారానికి వచ్చాడు.

"అన్నా, ఎత్తుకుంటే పిల్లకు అంటదా?"

"అంటదు తమ్మీ. ఇది రక్తంతోని వచ్చేది."

"పక్కానా? నీ పిల్లయితే ఎత్తుకుంటవా?"

పటాలంలో అందరికంటే పెద్ద నోరు నాది. ఆ పూట మాత్రం రిజిస్టర్ తెరిచి అతని నంబరు మళ్లీ సరిచూశాను.

శుక్రవారం ఉదయం డాక్టర్ మేజర్ నా రిజిస్టర్ తిప్పారు.

"టీకా ఎప్పుడేసినవ్?"

"సోమవారం, సర్."

ఆయన కళ్లజోడు తీసేశారు. "టీకాల ఉన్నది ఆ వైరస్ పైపొరే. నీ పరీక్ష పట్టేది గూడ దాన్నే. కొన్ని రోజులు రక్తంల కనబడుతది. నిజంగ కొత్తగ సోకితే కోర్ ఐజీఎమ్ అనే యాంటీబాడీ గూడ ఉండాలె. అది చూడు."

నమూనాలు నగరానికి పంపాం. శనివారం పదకొండింటికి జవాబు. తొమ్మిది మందికీ కోర్ ఐజీఎమ్ లేదు. నేను పట్టుకున్న శత్రువు నా సిరంజిలోంచి పోయినవాడే.

కాగితంతో చేవెళ్ల బస్సెక్కాను. వార్డు గుమ్మంలో మా ఆపరేటర్ నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. అతని అత్తగారు నన్ను చూసి అందుకుంది.

"రెండు దినాలాయె సారూ, పిల్లను ముట్టలే. ఆడపిల్ల పుట్టిందని మొఖం మాడ్చుకున్నడు. ఎందుకంటే నోరిప్పడు."

"తప్పు నాది అవ్వా" అని అంతా చెప్పాను.

అతను కాగితం చదివాడు. బయటికెళ్లి మోచేతుల దాకా కడుక్కొచ్చాడు. మంచం దగ్గర చేతులు చాచాడు. భార్య పిల్లను గుండెకు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"రెండు దినాలు యాడ పోయినయ్ ఈ చేతులు?"

రెండో డోసుకు ముందు తొమ్మిది మందినీ మళ్లీ పరీక్షించాను. ఒక్క గుంతా పచ్చబడలేదు. ఆరో వారం గుడారాలు విప్పి వెనక్కొచ్చేశాం.

ఇంటి దగ్గర ఈ కథ చెప్పినప్పుడల్లా తొమ్మిదిని తొంభై చేస్తాను. ఆ చేతుల్ని మాత్రం పెంచడం నా వల్ల కాదు. ఆ మంచం పక్కన, నీళ్లు కారుతూ, ఇంకా చాచే ఉన్నాయి.