ఇంద్రమ్మ అల్లిన టోపీ

మా వియ్యపురాలు ఇంద్రమ్మ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలన్నా ముందు చేత్తో తడిమి చూసుకోవాలి. జగిత్యాలలో వాళ్ల సోఫా మీద ఒకసారి చూడకుండా కూర్చుని, అల్లిక సూది గుచ్చుకుని కెవ్వుమన్నదాన్ని నేను. ఆ సూదికి మా అల్లుడు మహిపాల్ స్వెట్టర్ వేలాడుతోంది. దానికి ఒకటే చెయ్యి. రెండోది మూడేళ్లుగా అల్లుతూనే ఉంది.

కిటికీలో ఒంటి మేజోడు. ఫ్రిజ్ మీద పత్తి, నూలు వడికే తకిలి. కుట్టు మిషను కింద మూడు వైపులే కుట్టిన దిండు గలేబులు. ఏది ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు.

ఆమెకు ఈ పిచ్చి పట్టింది ఆసుపత్రిలో. భర్త మల్లయ్య తాటిచెట్టు మీంచి పడి, హైదరాబాదులో నలభై రోజులు మంచాన ఉన్నాడు. అక్కడి నర్సు ఒకామె రెండు సూదులూ ఒక ఊలు ఉండా చేతిలో పెట్టి అల్లిక నేర్పిందట. "చేతులు ఊకె ఉంటే ఏడుపస్తుండె ఒదినె" అని చెప్పింది నాతో. మల్లయ్య కాలు అతుక్కుంది. ఆయన చెట్టెక్కడం మానేశాడు గానీ, ఈమె సూదులు మానలేదు. తర్వాత ఫోనులో వీడియోలు చూసి తకిలి తిప్పడం కూడా పట్టేసింది.

స్వెట్టర్లు అల్లుకుంటే నాకేం బాధ? నూలు దగ్గరికి వచ్చేసరికే నా కడుపు మండింది.

మాది సిరిసిల్ల. నేను పుట్టిందీ మెట్టిందీ మగ్గాల చప్పుడులోనే. మా ఆయన బాలకిషన్‌కు నాలుగు పవర్‌లూములున్నాయి. నేను కుట్టిన జాకెట్టుకు మా వాడలో ఎవరూ వంక పెట్టలేదు. అలాంటి నా ఇంటికి వచ్చి, నా ముందుగదిలో చాప మీద కూర్చుని, తాటిచెట్లెక్కే వాళ్లింటి ఇంద్రమ్మ తకిలి గిర్రున తిప్పింది. "సూడు ఒదినె, ఎట్లస్తున్నదో!" అంటూ నాకే చూపించింది.

మా ఆయన మగ్గాలు ఆపి మరీ వచ్చి నిలబడ్డాడు. పోగును వేళ్ల మధ్య పెట్టి చూసి, "మా తాత గూడ గింత సన్నగ ఒడుకకపోతుండె" అన్నాడు.

ఆ పూట ఆయన చారులో ఉప్పు వేయడం మరిచిపోయాను. మరిచిపోయాననే చెప్పాను.

నాకున్న ఊరట ఒక్కటే. ఇంద్రమ్మ ఏదీ పూర్తి చేయదు. నేను పట్టిన పని వదలను. మా మనవరాలికి, మా అమ్మ కట్టి మెత్తబడిన చీరలు నాలుగు పొరలు వేసి బొంత కుట్టాను. కోరుట్లలో మా కూతురు సౌమ్య వాళ్లింటికి పోయినప్పుడల్లా, పిల్లకంటే ముందు నా కళ్లు ఆ బొంతనే వెతుకుతాయి.

పిల్లకు పదకొండో నెలలో వేములవాడలో పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నారు. సౌమ్య ఫోన్ చేసింది. "అమ్మా, గుండు చేయించినంక నెత్తికి అత్తమ్మ టోపీ అల్లుతున్నది. తన చేతుల ఒడికిన నూలుతోనే."

"అల్లనీ బిడ్డా. పిల్ల పెండ్లి నాటికన్న అయిపోతది తీ" అన్నాను.

ఫోన్ పెట్టేసి మిషను ముందు కూర్చున్నాను. తెల్లటి మెత్తని గుడ్డతో, గదవ కింద కట్టడానికి రెండు రిబ్బన్లతో ఒక టోపీ కుట్టి, ఎవరికీ చెప్పకుండా సంచి అడుగున దాచాను. పిల్ల గుండు మీద మొదట పడేది నా చేతి గుడ్డే కావాలి. అంతకుమించి వేములవాడ రాజన్న దేవుణ్ణి నేనేమీ కోరుకోలేదు.

వేములవాడ లాడ్జిలో పొద్దున్నే ఇంద్రమ్మ సంచి విప్పింది. "ఒదినె, అయిపోయింది!" అంది. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి.

టోపీ నా చేతిలో పెట్టి స్నానానికి పోయింది. నేను కిటికీ దగ్గర వెలుగులో తిప్పి తిప్పి చూశాను. వంక దొరకలేదు. నడినెత్తిన మాత్రం జానెడు దారం కొస వేలాడుతోంది.

చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో నా పని, నేసిన తాను మీద వేలాడే పోగులు కత్తిరించడం. వేలాడే పోగు కనిపిస్తే నా చెయ్యి ఆగదు. బస్సులో ముందు సీటామె జాకెట్టు పోగు తెంపి తిట్లు తిన్నదాన్ని. ఆ కొసను మొదలంటా పళ్లతో పుటుక్కున కొరికేశాను.

నడినెత్తి నోరు తెరిచింది. అల్లికలో ఒక కన్ను జారింది, దాని వెనక ఇంకొకటి. బట్టకు వేలాడే పోగు దండగ. అల్లికకు ప్రాణమంతా ఆ కొసలోనే ఉంటుందని నాకేం తెలుసు? తెగిన కొసను తెచ్చి అతికి, మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి వేశాను. అయినా రూపాయి బిళ్లంత బొక్క మిగిలింది. స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆగిపోయింది. తెల్లది ఇంకేమీ లేక, నా టోపీ రిబ్బను ఒకటి పీకి, చుట్టి పువ్వు చేసి, నాలుగు కుట్లతో బొక్క మీద పెట్టేశాను.

ఇంద్రమ్మ తల తుడుచుకుంటూ వచ్చింది. "ఏందొదినె, పువ్వు పెట్టినవా?"

"బోడిగ కనవడ్డది. ముద్దుగుంటదని..."

"మస్తుగున్నది! నాకు తోచనే లేదు సూడు" అని ఆ పువ్వును మురిపెంగా నిమిరింది. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

గుండు అయింది. స్నానం పోసి, గంధం పూసి, ఇంద్రమ్మ తన చేత్తో టోపీ పెట్టింది. అందరూ ఫొటోలు దిగాం. మహిపాల్ పిల్లను భుజాన వేసుకుని లాడ్జి దారి పట్టాడు. నేను పువ్వు మీంచి చూపు తిప్పలేదు. పిల్ల కూడా దాని గురించే ఆలోచిస్తున్నట్టుంది. చెయ్యి పైకెత్తి, పట్టుకుని, ఒక్క గుంజు గుంజింది.

నాలుగడుగులు పోయామో లేదో, వెనక వచ్చే ఒకామె కేకేసింది. "ఓ అవ్వా! మీ పిల్ల నెత్తిలకెల్లి దారం ఎల్తున్నది!"

తిరిగి చూస్తే కొబ్బరికాయల దుకాణం దాకా దారమే. ఎవరి చెప్పుకో తగులుకుని, ఆయన నడిచినకొద్దీ వస్తోంది. పిల్ల నెత్తిన చెవుల దాకా పట్టీ ఒక్కటే మిగిలింది.

ఇంద్రమ్మ పరిగెత్తి కొస పట్టుకుని, దారాన్ని నాలుగు వేళ్లకు చుట్టుకుంటూ వచ్చింది. చుడుతూ చుడుతూ ఒకచోట ఆగి, కండ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. నా ముడి.

"గిసొంటి ముడి మా ఇంట్ల ఎవలకస్తది ఒదినె?" అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "నిజం చెప్పు. అలవాటుకు తెంపినవా, కడుపుమంటకు తెంపినవా?"

సౌమ్య నా వైపే చూస్తోంది. అలవాటని ఒక్క మాటంటే సరిపోయేది. అంతలో పిల్ల తుమ్మింది. చలిగాలి. బోడిగుండు. నా సంచి అడుగున టోపీ ఉంది. తీశానా, నా బుద్ధి బయటపడుతుంది. పిల్ల ఇంకోసారి తుమ్మింది. తీశాను.

"అమ్మా! గిదెప్పుడు కుట్టినవ్?"

"రెండిటికీ తెంపిన ఒదినె" అన్నాను ఇంద్రమ్మతో.

ఆమె నా టోపీ తీసుకుని పిల్లకు తొడిగింది. గదవ కింద ముడి వేయబోయి ఆగింది. "రెండో రిబ్బనేది?"

అందరం పిల్ల పిడికిలి వైపు చూశాం. పువ్వు అందులోనే ఉంది.

ఇంద్రమ్మ పగలబడి నవ్వింది. "ఒంటి రిబ్బను టోపీ! నువ్వు గూడ నా లెక్కనే అయితున్నవ్ ఒదినె!" నవ్వి, కండ్లు తుడుచుకుని, దారం ఉండ నా ముందుకు చాపింది. "గా ముడి నాకు నేర్పు."

లాడ్జి మెట్ల మీద కూర్చోబెట్టి నేర్పాను. మూడోసారికే వచ్చేసింది.

ఇప్పుడు పిల్లకు పిలక కట్టేంత జుట్టు పెరిగింది. ఆ దారంతో ఇంద్రమ్మ మళ్లీ మొదలుపెట్టిన టోపీ ఇంకా సూదుల మీదే ఉంది. మొన్న వీడియో కాల్‌లో ఇంద్రమ్మ ఒక పోగును ఫోనుకు దగ్గరగా పెట్టి, "ముడి ఏడున్నదో కనవడుతున్నదా ఒదినె?" అని అడిగింది.

అద్దాలు పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాను. ఎక్కడా కనిపించలేదు.

"కనవడుతున్నది" అన్నాను.