గంగాధర్ నా చేతిలో పెట్టిన కవర్

నిన్న పొద్దున శ్రీను ఫోన్ చేశాడు. "కాకా, నాయిన పోయిండు" అన్నాడు.

ఎవరి నాయిన అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను. బుర్ర పనిచేయలేదు.

గంగాధర్. భోకర్‌లో కిరాణా షాపు గంగాధర్. నాతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న దోస్తు. మొన్న ఆదివారమే మోకాళ్ల నొప్పుల గురించి ఫోన్లో గంటసేపు నా బుర్ర తిన్నాడు.

నిన్నటి నుంచి మా ఊరి వాట్సాప్ గ్రూపులో అందరూ ఫోటోలు పెడుతున్నారు, దండం ఎమోజీలు పెడుతున్నారు. నాకు చెయ్యి ఆడటం లేదు. నేను రాయాల్సింది వేరే ఉంది.

మా భోకర్ మహారాష్ట్రలో ఉంది, మాది మరాఠీ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో ఆ రెండూ కాక ఉర్దూ. ఇంగ్లీష్ మాత్రం మా సార్ నోట్లో తప్ప ఎక్కడా లేదు. ఆయన రోజుకో ఇంగ్లీష్ మాట నేర్పేవారు. ముందు మీనింగ్ రాయాలి. తర్వాత "వాక్యాత్ ఉపయోగ కరా" అనేవారు, అంటే ఆ మాటను వాక్యంలో వాడి చూపించాలి.

ఒకరోజు డిసైసివ్ వచ్చింది. బోర్డు మీద మరాఠీలో నిర్ణాయక్ అని రాసి సార్ ముందుకు పోయారు. నాకు ఎక్కలేదు. గంగాధర్ మోచేత్తో పొడిచి చెప్పాడు.

"చేస్త అనుకున్నవనుకో, గది డిసైడ్ చేసుడు. అనుకొని, లేచి, మల్ల ఎనుకకు చూడకుండ పోయినవనుకో, గప్పుడు నువ్వు డిసైసివ్."

వాడు రాసిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది. మై మదర్ ఈజ్ డిసైసివ్ ఇన్ ద బజార్.

వాళ్లమ్మ సంతలో ఒకే ధర చెప్పి నడిచిపోయేది. అమ్మేవాడే వెనక నుంచి కేకేసి పిలిచేవాడు. క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి రైట్ కొట్టారు.

డెబ్బైల్లో బి.ఏ. అయ్యాక, ముఖేడ్ దగ్గర ఒక స్కూల్లో ఇంగ్లీష్ టీచర్ పోస్టుకు ఇద్దరం అప్లై చేశాం. గంగాధర్ వాళ్లింట్లో తెలియకూడదని ఇద్దరివీ మా ఇంటి అడ్రసే ఇచ్చాం.

వాడికి ఉద్యోగం వచ్చింది. నాకు ఇంటర్వ్యూ పిలుపు కూడా రాలేదు.

పది రోజుల్లో ఒప్పుకుంటున్నట్టు జవాబు రాయాలి. వాళ్ల నాయినేమో షాపు వదిలి ఎటూ పోవద్దని పట్టు. ఊళ్లో పోస్టు చేస్తే మాటలో మాటగా ఆయన చెవిన పడుతుందని వాడి భయం.

నేను అప్పటికే నాందేడ్‌లో ఒక వకీలు దగ్గర టైపింగ్ చేస్తూ రోజూ రైల్లో పోయి వచ్చేవాణ్ణి. మా ఊళ్లో ఇంట్లోవాళ్లకు తెలియకూడని ఉత్తరాలన్నీ అట్లాగే పోయేవి, రైలెక్కేవాడి జేబులో. నాందేడ్ స్టేషన్ దగ్గరి డబ్బాలో వేస్తే ఎవరికీ తెలియదు.

పొద్దున ప్లాట్‌ఫాం మీద వాడు కవర్ నా చేతిలో పెట్టాడు. చేతులు వణుకుతున్నాయి.

"వారం సంది నిద్ర లేదురా. ఇగ తయ్ అయింది, పోతున్న. జాయిన్ అయినంకనే నాయినకు చెప్త. నా మనసు మల్ల మారకముందే డబ్బాల ఏసెయ్."

వేస్తానన్నాను.

వెయ్యలేదు.

ఈర్ష్య. ఇంకే పేరూ లేదు దానికి. చింపెయ్యాలని కూడా అనుకోలేదు. డబ్బా ముందు నిలబడి రేపు వేద్దాంలే అనుకున్నాను. ఆ రేపు కూడా అలాగే అనుకున్నాను. చొక్కా మార్చినప్పుడల్లా కవర్‌ను ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చాను.

పది రోజులు అయిపోయాయి. పదకొండో రోజు ఆస్నా నది వంతెన మీద రైలు కిటికీలోంచి పారేశాను.

వాడు అడిగితే మొదటిరోజే వేశానన్నాను.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చేవాడు. "ఏమన్న అచ్చిందారా?" అని అడిగేవాడు. రాలేదనేవాణ్ణి. రెండు నెలలు అలా తిరిగి, ఒకరోజు అడగడం మానేశాడు. వెళ్లి షాపులో కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

షాపులో ఇంగ్లీష్ పేపర్ ముక్క దొరికితే ముందు అది చదివేవాడు. చదివాకే అందులో బెల్లం పొట్లం కట్టేవాడు. కొనేవాళ్లు తొందరపెడితే నవ్వేవాడు.

ఎనభైల చివర్లో మా అమ్మాయి లత బడి నుంచి అదే మాట తెచ్చింది. నేను పక్కనే ఉండగా వాణ్ణే అడిగింది, కాకా, డిసైసివ్ అంటే ఏంది అని.

"మీ నాయినే బిడ్డా. నేను వణుక్కుంట ఇచ్చిన చిట్టీ ఎనకాముందు చూడకుండ డబ్బాల ఏసి అచ్చిండు. నా ఇంగ్లీషే మంచిగ లేకుండె, గందుకే ఆళ్లు జవాబియ్యలే. మీ నాయిన మాత్రం చేసేది చేసిండు."

లత నా వైపు చూసి గర్వంగా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

చెప్పేద్దామని ఎన్నిసార్లు పోయానో. చాయ్ తాగి, ఊసుపోక కబుర్లు చెప్పి వచ్చేసేవాణ్ణి. మొన్న ఆదివారం కూడా నోటిదాకా వచ్చింది. ఇంక ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకున్నా ఏం లాభం? మనిషే లేడు.

పదో రోజు సభలో నన్ను మాట్లాడమని శ్రీను అడిగాడు. "నాయిన ఎప్పుడు మీ ముచ్చటే చెప్తుండె కాకా" అన్నాడు. శ్రీనూ, నేను రాను బిడ్డా. ఇది చదివాక నువ్వూ పిలవవు.

గంగాధర్, ఆ తొందరలో నువ్వు కవర్ అతికించలేదు. పది రోజులూ రైల్లో నీ ఉత్తరం చదివాను. నీ ఇంగ్లీష్‌లో ఒక్క తప్పు కూడా లేదురా.

పోయి రా దోస్త్. అక్కడైనా నిమ్మళంగా ఉండు. నా కోసం మాత్రం ఎదురు చూడకు.