గీతల మధ్య కారు

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా పై అపార్ట్‌మెంట్ ఆంటీ యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నారు. శనివారం వస్తే చాలు, కొత్తగా కాపురానికొచ్చిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏదో ఒక చోటు చూపించడానికి బయలుదేరేవారు. టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించనిదే కారు గేటు దాటేది కాదు. తీరా వెళ్ళాక కొండా జలపాతమూ ఆవిడ కంటికి ఆనేవి కావు. పార్క్ చేసిన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "చూశావా, గీతల మధ్య ఎంత కుదురుగా పెట్టానో! ఒక ఫోటో తియ్యి," అనేవారు.

నాకు నవ్వొచ్చేది. డ్రైవింగ్ నేర్చుకునే పర్మిట్ చేతికొచ్చినా స్టీరింగ్ ముట్టుకోనిదాన్ని మాత్రం నేనే.

ఆకులు ఎర్రబడ్డాయని ఒక శనివారం షెనాన్డోవా కొండలకి వెళ్ళాం. ఘాట్ రోడ్డు సగంలో, ఒక వ్యూ పాయింట్ దగ్గర ఆపి ఆవిడ తాళాలు నా ఒళ్ళో పడేశారు.

"ఇక్కణ్ణుంచి నువ్వు డ్రైవ్ చెయ్యి."

"అమ్మో, నాకు భయం ఆంటీ!"

"నాకు లేదనుకున్నావా? మరి వారం వారం ఆ నిమ్మకాయ ఎందుకే?"

తర్వాతి వ్యూ పాయింట్ దాకా చెమటలు కక్కుతూ నడిపాను. అక్కడ ఆవిడ తీసిన ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. అందులో ఎర్రటి కొండలు లేవు. గీత మీదికెక్కిన కారు, దాని పక్కన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ నేను.