అమావాస్య పూట పట్టుబడి

ప్రెషర్ కుక్కర్ రెండో విజిల్ వేసేలోపు వీధిలోకి పరిగెత్తి నిలబడే మనిషిని నేను. ఏడో తరగతితో చదువు మానేసింది కూడా ఇబ్బందుల వల్ల కాదు. పరీక్ష గంట మోగితే నా గుండె దానికంటే గట్టిగా కొట్టుకునేది. రెండింటిలో ఒకదాన్ని ఆపాలి కాబట్టి బడి ఆపాను. ఇలాంటివాడి చేతికి రొయ్యల చెరువు అప్పగిస్తే ఏమవుతుందో చెబుతాను వినండి. మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వుతూనే చెబుతాను, మధ్యలో గొంతు కాస్త అటూ ఇటూ అయితే పట్టించుకోకండి.

మా అక్కావాళ్ళు భీమవరం దాటాక ఒక చెరువు కౌలుకి తీసుకున్నారు. మొదటి పంట. అది చేతికొస్తే నా మేనకోడలు శిరీషని విశాఖపట్నం హాస్టల్లో పెట్టి సైకాలజీలో ఎమ్మెస్సీ చదివించాలని వాళ్ళ ఆలోచన. ఆ పిల్ల సీటు రాకముందే సూట్‌కేసు కొని మంచం కింద పెట్టుకుంది. రొయ్యలు అప్పటికి కిలోకి వంద తూగుతున్నాయి. ఇంకో నెల మేపితే బొటనవేలంత లావెక్కి నలభైకే కిలో తూగుతాయి.

సరిగ్గా అప్పుడు బావగారు వాళ్ళ నాన్నకి పిండం పెట్టడానికి అమావాస్యకి పిఠాపురం బయల్దేరారు, అక్కనీ శిరీషనీ తీసుకుని. షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టి, "ఒరే సూరిబాబూ, రెండ్రోజులు చెరువు చూసుకో. మేత వెయ్యి, గట్టు తిరుగు. అంతే," అన్నారు.

"అంతేనాండి?"

"అంతేరా. ఏం, అప్పుడే చెమట్లు పడుతున్నాయా?"

అక్క ఊరుకుంటుందా. "మొన్న కప్ప అరుపు తేడాగా ఉందని ఫోన్ చేశాడండి వీడు. పడుకున్నదాన్ని లేపి మరీ వినిపించాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఆ నవ్వు చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. ఈసారి చచ్చినా ఎవరినీ పిలవకూడదని అప్పుడే అనుకున్నాను. గమనించండి, పంటకి తెగులు తగిలింది అక్కడే.

అమావాస్య రోజు పొద్దున్నే గట్టెక్కాను. నీళ్ళ అంచున తెల్లగా, వందలకొద్దీ తేలుతున్నాయి. చచ్చిన రొయ్యలు. అక్కణ్ణించే రెండడుగులు వెనక్కి వేశాను. మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో ఒక ట్రే దించి ఉంచుతాం. దాన్ని పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. ఇంకేముంది, వైట్ స్పాట్. ఆ తెగులు సోకితే చెరువు చూస్తుండగానే పోతుంది, బతికున్నవాటిని అప్పటికప్పుడు పట్టి అమ్ముకోవడం ఒక్కటే దారి.

ఫోన్ చేశాను. బావగారికి కాదండి, రొయ్యలు కొనే ఆయనకి.

గంటన్నరలో వ్యాను, ఐసు, వలలవాళ్ళు దిగిపోయారు. పెళ్ళిభోజనానికి పిలిచినా ఎవరూ అంత తొందరగా రారు. వలల మేస్త్రి వెంకన్న అంచున వంగి, తేలుతున్నవాటిలో ఒకదాన్ని వేళ్ళతో తీశాడు.

"ఏవండీ, ఓసారి ఇటు చూడండి."

"చూసేశాను. వల దించు."

"అది కాదండి, ఇవాళ అమాసండి."

"అయితే ఏంటి, అమావాస్యనాడు వల తడవదా?"

"బావగారితో ఓ మాటన్నారాండి?"

"పిండాలు పెట్టే మనిషికి ఫోనేంటయ్యా? ఇక్కడ నేను లేనూ?"

ఆ గొంతు నాకే కొత్తగా వినిపించింది. బాగుంది కూడా. వెంకన్న, "మీ ఇష్టమండి," అని నీళ్ళలోకి దిగాడు.

మధ్యాహ్నానికి చెరువు ఖాళీ. పట్టిన రొయ్యల్లో చచ్చింది ఒక్కటీ లేదు. ఐసు పడేదాకా ఎగురుతూనే ఉన్నాయి. కొనే ఆయన మాత్రం చిన్నవనీ, పైగా మెత్తగా ఉన్నాయనీ ముఖం చిట్లిస్తూ, ధర కోసేసి మొత్తం ఎక్కించుకుపోయాడు. అప్పుడు వెంకన్న పొద్దున్న తేలినవాటిలో ఒకటి నా అరచేతిలో పెట్టాడు. తల, మీసాలు, కాళ్ళు అన్నీ ఉన్నాయి. లోపల రొయ్య లేదు.

"ఉత్త గుల్లండి. అమాసకీ పున్నానికీ పాత గుల్ల ఇడిచి పెరుగుతాయి కదండీ. ఆ పూట మేత ముట్టవు. ఇందాక అదే చెప్పబోయానండి."

నాకు తెలియదనుకునేరు. పదేళ్ళుగా వాళ్ళ చెరువులోనో వీళ్ళ చెరువులోనో పనిచేస్తూ ఈ గట్ల మీదే తిరుగుతున్నాను, ఈ సంగతి నేనే పదిమందికి చెప్పాను. ఆ పూట మాత్రం తెలియలేదు.

మర్నాడు బావగారు వాళ్ళు పిఠాపురం నుంచి వచ్చారు. ఆయన అలవాటు కొద్దీ ఖాళీ చెరువు చుట్టూ ఓసారి తిరిగారు. ఇద్దరి వంతూ అక్కే తిట్టింది. శిరీష ఆ ఏడాది ఎక్కడా చేరలేదు, తణుకులో ఒక స్కూల్లో ఒకటో తరగతికి పాఠాలు చెప్పింది. ఒక ఆదివారం తనే నా పక్కన కూర్చుంది.

"మావయ్యా, మెదడులో బాదం గింజంత ముక్క ఒకటుంటుంది. ప్రమాదం అని అరవడం దాని పని. కొంతమంది స్వభావమే అంత, వాళ్ళలో అది తొందరగా అరుస్తుంది."

"నాది బాదం గింజ అయ్యుండదమ్మా, కొబ్బరికాయ అయ్యుంటుంది."

"సైజు సంగతి కాదు. నిజంగా పులే ఎదురొస్తే నువ్వూ నాన్నా ఒకేలా పరిగెడతారు. పులో పిల్లో తెలియనప్పుడే తేడా. నాన్న ఆగి చూస్తాడు. నువ్వు ముందు పరిగెత్తేసి, చూడ్డం తర్వాతకి పెట్టుకుంటావు."

ఏడాది పోగొట్టుకున్న పిల్ల నా తరఫున వకాల్తా పుచ్చుకుంటుంటే, ఇంతకంటే చెంప పగలగొట్టినా బాగుండుననిపించింది.

మరుసటి ఏడు చేరింది లెండి. తనతో డిగ్రీ చదివినవాళ్ళే అక్కడ సీనియర్లు. బస్సెక్కించి వస్తూ బావగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. నీళ్ళ మీద ఏది తేలినా చేత్తో తీసి, తిప్పి చూసి, టీ తాగి, ఆ తర్వాతే కంగారుపడతానని గోదారమ్మ మీద ఒట్టేశాను. అంతటితో ఆగానా. "ఇంక ఈ జన్మలో భయపడనండి బావగారూ," అన్నాను.

ఆయన ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టారు.

"భయపడరా. భయస్తుడివని తెలిసే నీకప్పగించాను. భయమేస్తే నన్ను పిలుస్తావనుకున్నాను. ధైర్యం చేస్తావనుకోలేదు."