తీసేయాల్సిన డ్రైవర్

ఆళ్లగడ్డలో బస్సెక్కి, ఒళ్లో సీపీయూ పెట్టుకుని నా పక్కన కూర్చున్నాయన, "నంద్యాలకు పోయి డ్రైవర్ని తీసేయించాలన్నా" అన్నాడు. నేను బస్సు డ్రైవర్ వైపు చూశాను.

"ఆయప్ప కాదు. ఇది లినక్స్ కంప్యూటర్. సౌండ్ రాకుంటే, షాపులో దీనికని డ్రైవర్, అంటే సౌండ్ పలికించే ప్రోగ్రాం, చేయించి వేయించినా. మా పాప పోయినాంక ఆ బిడ్డ వీడియో ఒకటే మిగిలింది దీంట్లో. సౌండ్ లేనప్పుడు మా ఇంటామె చూస్తా చూస్తా, పాప మాటలన్నీ ఆమే చెప్తాండె. పాప నిజం గొంతు వినపడినాంక ఆమె నోరే తెరవలేదు."

"మ్యూట్ చేస్తే చాలదా?" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

ఆయన సీపీయూని మెల్లగా నిమిరాడు. "వద్దులేన్నా. పాప నోరు మేమే మూసినట్టుంటాది."

ఇప్పటికీ శబ్దం వద్దనుకుంటే స్పీకర్ వైరు పీకేస్తాను. ఆ మ్యూట్ బొత్తాం మాత్రం నొక్కను.