మదుం దగ్గర మీటింగు

కోటబొమ్మాళి దగ్గరి ఓ పల్లెలో సుందరరావు గారు ఉండేవారు. రైల్వేలో గేటుమేన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకి చెరువు కింద సెంటు పొలం లేదు, చెరువులో వల లేదు. అందుకే చెరువు కమిటీకి ఆయన్ని పెద్దని చేశారు. వేరే అర్హత ఎవరూ అడగలేదు.

ముందటేడు వానల్లేక రైతులు తమలో తాము మాట్లాడుకుని, చెరువు తూము, అదే మదుం, తలుపెత్తి నీరంతా పొలాలకి వదిలేశారు. చేపపిల్లలు బురదలో చచ్చాయి. మత్స్యకారులు ఆ తలుపు విరగ్గొట్టారు. రెండు పక్షాలూ పోలీస్ స్టేషన్లో ఒకే బెంచీ మీద కూర్చున్నాయి. ఆ తర్వాతే నీటిపారుదల శాఖ, మత్స్యశాఖ, పంచాయతీ కలిసి కమిటీ వేశాయి.

ఈ ఏడూ చెరువు తగ్గింది. వరి పొట్ట మీదుంది, నీరు తప్పనిసరి. సుందరరావు గారు అందర్నీ మదుం దగ్గరికి రమ్మన్నారు. ముందు ఎదుటివాడి బాధ చెప్పాలి, వాడు అవునన్నాకే తన బాధ చెప్పుకోవాలి అని షరతు పెట్టారు.

"ఇదేటి మావా, కొత్తగా!" అన్నాడు రైతుల తరఫు జగన్నాధం.

"సెప్పరా ముందు."

"ఆళ్ళ సేపలింకా సిటికెనేలంతే ఉన్నాయి. నీరు తీసేస్తే సచ్చిపోతాయి."

"అది సగమే," అన్నాడు మత్స్యకారుల సంఘం లక్ష్ముడు. "మమ్మల్ని అడగనేదు. అదీ సెప్పు."

"అడగనేదు," అన్నాడు జగన్నాధం.

వరి ఎండితే ఏమవుతుందో లక్ష్ముడు రైతుకన్నా బాగా చెప్పాడు. వాళ్ళల్లుడిదీ వ్యవసాయమే.

మదుం సగమే ఎత్తాలని మధ్యాహ్నానికి తేలింది. నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు, తలూపి లేచారు. అప్పుడే బట్టలుతికే తవిటమ్మ వచ్చి, మదుం మీద మూట దించి, దాని పక్కనే కూర్చుంది.

"మా రేవు ఎండిపోతాది. మమ్మల్నెవుడు పిలిసినాడు?"

ఎవరూ పిలవలేదు. సుందరరావు గారికి సిగ్గేసింది. ఒంటిమీది చొక్కా కూడా ఆవిడ ఉతికిందే.

"అయితే ఇంకా తేలనేదు. మళ్ళీ మొదట్నించి," అన్నారు. జనం గొణిగారు. ఏఈ గారు ఇంటికి ఫోన్ చేసి, భోజనానికి రానని చెప్పి కూర్చున్నారు.

చివరికి రైతులు వంతులవారీగా నీరు పెట్టుకోవాలని, రేవు దగ్గర గొయ్యి తవ్వి నీరు నిలపాలని తేలింది. గొయ్యి రైతులూ మత్స్యకారులూ కలిసే తవ్వారు. ఎవరు తక్కువ తవ్వారన్నది ఇంకా తేలలేదు.

పంట ఓ మోస్తరుగా పండింది. చేపలు పెద్దగా ఎదగలేదు. గోతిలో నీరు బురదని తవిటమ్మ అంటూనే ఉంది. స్టేషన్‌కి మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

తర్వాతి మీటింగుకి సుందరరావు గారే తవిటమ్మ ఇంటికెళ్ళి పిలిచారు. బట్టలారేసి వస్తానంది. గట్టు మీద ఏఈ గారితో సహా అందరూ ఆగారు.