మామయ్యకు నచ్చని కార్లు

పోయిన గురువారం పొద్దున మా మామయ్య పట్నం దవాఖానలో కన్నుమూశారు. నిమ్ము చేసి నాలుగు రోజులు అక్కడే ఉన్నారు. ఆ సమయానికి నేను బడిలో నాలుగో తరగతికి భాగహారం చెబుతున్నాను. మా ఆయన గేటు దగ్గర స్కూటరు ఆపి, దిగకుండా అలాగే కూర్చున్నాడు. నేనే దగ్గరికి వెళ్లాను. వెళ్లాక "బాపు పోయిండు" అన్నాడు. అంతే. లోపల పిల్లలు పైకి లెక్కలు చదువుతూనే ఉన్నారు.

మరునాడు శంషాబాద్‌లో మా చర్చి సంఘం వాళ్ల సమాధుల దగ్గర మట్టి వేసేటప్పుడు, ఆయనతో పాటు సర్కారు బస్సులు నడిపిన ముసలివాళ్లు పదిమంది దాకా వచ్చారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి ఒక్క మనిషికి గీత పడనివ్వలేదని అందరూ చెప్పుకున్నారు. పాస్టరుగారు ప్రార్థనలో కూడా ఆ మాటే అన్నారు. అది నిజమే. కానీ ఉద్యోగం అయిపోయాక ఒక మనిషికి దెబ్బ తగిలింది. అప్పుడు వెనక సీట్లో నేను ఉన్నాను. మామయ్య ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. అందుకే నేనూ దాచకుండా రాస్తున్నాను.

మా అత్తమ్మ పోయాక మామయ్య శంషాబాద్‌లో మా దగ్గరే ఉన్నారు. మా ఆయనది కాటేదాన్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, పొద్దున్నే వెళ్లిపోతాడు. నాది పల్లెటూరి బడి, బస్సులో ప్రయాణం. మా ఇద్దరు ఆడపిల్లలను మైలార్‌దేవ్‌పల్లి బడికి తీసుకెళ్లి తీసుకొచ్చే పని మామయ్యది. అందుకోసమే ఎవరో వాడిన చిన్న కారు ఒకటి కొన్నాం. ఆయన ఆ కారును బస్సులాగే చూసుకునేవారు. పిల్లలు ఎక్కాక వెనక్కి తిరిగి "రైట్ అనుండ్రి" అనేవారు. ఇద్దరూ "రైట్" అన్నాకే బండి కదిలేది. "బ్రేకు కండ్లతోని ఏయాలె. కాలు ఎనుకనుంచి వస్తది," అని పిల్లలకు చెప్పేవారు. వాళ్లకు అర్థమయ్యేది కాదు, నాకూ అంతే.

ఏళ్లు గడిచేసరికి ఆ కారు ముసలిదైపోయింది. కింద రేకు తుప్పు పట్టి, వానాకాలం పిల్లల బూట్లు తడిసేవి. సెల్ఫ్ పట్టక, దొర్లితే స్టార్టవుతుందని రోజూ వాలులో నిలపాల్సి వచ్చేది. అప్పట్లో రకరకాల కొత్త కార్లు వస్తున్నాయి. మా ఆయన అప్పు మంజూరు చేయించుకుని, ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక మమ్మల్నందరినీ ఏదో ఒక షోరూముకు తీసుకెళ్లేవాడు.

ఏ కారూ మామయ్యకు నచ్చలేదు. ఒకదాంట్లో సీటు లోతుగా ఉందన్నారు. ఇంకోదాని అద్దాలు చిన్నవన్నారు. మూడోదానికి ముందు భాగం ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదన్నారు. ప్రతిసారీ చుట్టూ తిరిగి, తలుపు తీసి వేసి, వంకొకటి చెప్పి బయటికి వచ్చేసేవారు. నడిపి చూడమంటే "మల్ల చూద్దాం" అనేవారు.

"బాపూ, నువ్వు కారు చూస్తున్నవా, పిల్లకు సంబంధం చూస్తున్నవా?" అన్నాడు మా ఆయన ఒకసారి.

"ఉన్నది మంచిగనే ఉంది గద. గింత తొందరేంది?" అన్నారు మామయ్య. ఆయన గొంతులో ఏదో బెదురు ఉందని నాకు అనిపించింది. పాత బండి మీద మమకారం అనుకున్నాను.

నాలుగు నెలలు అలా గడిచాక, ఒక షోరూము అతనే కారును మా ఇంటికి తెచ్చాడు. మా ఆయనకు ఆ రోజు డ్యూటీ ఉంది. ఇంటి ముందుకు వచ్చిన మనిషిని వద్దనలేక మామయ్య స్టీరింగు ముందు కూర్చున్నారు. ఆయన పక్కన షోరూము అతను, వెనక నేను. హైవే మీద లారీలు ఎక్కువని అతను రాజేంద్రనగర్ వైపు తిప్పమన్నాడు. బుద్వేల్‌లో ఎడమకు తిరగాల్సిన చోట, ఒక మనిషి సైకిలుకు పాల క్యాన్లు కట్టుకుని మా ఎడమ పక్కనే వస్తున్నాడు. నాకు స్పష్టంగా కనిపిస్తున్నాడు. మామయ్యకూ కనిపిస్తున్నాడనుకున్నాను. ఆయన మాత్రం ఆ వైపు దారి ఖాళీగా ఉన్నట్టే తిప్పేశారు. షోరూము అతను హ్యాండ్ బ్రేకు గుంజాడు. అప్పటికే సైకిలు పడిపోయింది.

పాలు రోడ్డు మీద పారుతున్నాయి. ఆ మనిషి కుడి మణికట్టు పట్టుకుని కూర్చుండిపోయాడు. షోరూము అతను దిగి, "చూసుకోని రావా?" అని అతన్నే గద్దించాడు.

మామయ్య మెల్లగా దిగారు. "ఆయనను అనకు. తప్పు నాది. నాకు పక్కలకు కనవడ్తలేదు," అన్నారు.

మణికట్టు విరిగింది. పాలాయన్ను దవాఖానలో చూపించి, కట్టు కట్టించి, ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మామయ్యను గుమ్మంలో నిలబెట్టి అడిగాను.

"ఎప్పటి నుంచి కనవడ్తలేదు మామా?"

"ఏడాది దాటింది బిడ్డా. ముందట కనవడ్తది. పక్కలకే చీకటి. ఆ పాత బండి నా ఒళ్లు లెక్క, చూడకున్నా తెలుస్తది. కొత్త బండ్ల దొరికిపోత అనుకున్న."

"అయితే ఏడాది నుంచి నా పిల్లలను గట్లనే తీస్కపోతున్నరా?"

ఆయన తల వంచుకున్నారు.

"చెప్తే నన్ను కూసోవెడ్తరు అనుకున్న. డ్రైవర్ కాకుంటే ఇంట్ల నేనేంది బిడ్డా?"

నాకు జాలి కలగలేదు. ఉన్నమాట చెబుతున్నాను, కోపం తప్ప ఏమీ కలగలేదు. ఆ హైవే, ఆ లారీలు, వెనక సీట్లో "రైట్" అని అరిచే నా పిల్లలు, అదే కళ్ల ముందు ఆడింది. "ఇగ మీరు నాతోని మాట్లాడకుండ్రి," అన్నాను. తాళంచెవులు ఆయనే తీసి బల్ల మీద పెట్టారు. మళ్లీ ముట్టుకోలేదు.

కళ్ల డాక్టరు నీటికాసులు అన్నాడు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదైనా నిలుస్తుందేమో చూద్దామని చుక్కల మందు రాశాడు. మామయ్య గోడకు ఆనుకుని తల పైకెత్తి తనంతట తానే వేసుకునేవారు. సగం చుక్కలు చెంపల మీద పడేవి. నేను చూస్తూ దాటిపోయేదాన్ని. అన్నం పెట్టేదాన్ని, పిలిచేదాన్ని కాదు. పిల్లలను ఆటోలో పంపడం మొదలుపెట్టాం. చిన్నది రోజూ "తాత ఎందుకు రాడు?" అని అడిగేది.

మామయ్య పొద్దున్నే లేచి ఎటో వెళ్లేవారు. ఎనిమిది దాటాక వచ్చేవారు. చర్చికనో, నడవడానికనో అనుకుని నేను అడగలేదు. మూడు వారాలు అయి ఉంటాయి. ఒక రోజు టీచర్ల ట్రైనింగుకని రాజేంద్రనగర్ వెళ్లే బస్సెక్కాను. బుద్వేల్‌లో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూశాను. ఒకామె నెత్తిన పాల క్యాను పెట్టుకుని నడుస్తోంది. ఆమె వెనక, రెండో క్యాను చేత్తో మోసుకుంటూ మామయ్య. దారి పక్కలు కనిపించవు గనుక సరిగ్గా ఆమె అడుగులోనే అడుగు వేస్తున్నారు. ఒక గేటు ముందు ఆగి, కొలిచి పోసింది ఆమె. ఆయన క్యాను మూత పట్టుకుని నిలబడ్డారు. చొక్కా చెమటకు తడిసింది. ముప్పై ఏళ్లు బస్సులో ఎత్తుమీద కూర్చున్న మనిషి.

బస్సు కదిలింది. నేను దిగలేదు, పిలవలేదు. ఆయనకు నేను కనిపించలేదు.

ఆమె పాలాయన భార్య అని తర్వాత తెలిసింది. దెబ్బ తగిలిన మూడో రోజునే ఆయన దారి అడుగుతూ వెళ్లి పాలాయన ఇల్లు పట్టుకున్నారట. "చెయ్యి బాగయ్యేదాంక నీ పాలు నేను మోస్త," అన్నారట. ఆ ఇంటివాళ్లు వద్దన్నా వినలేదట. కట్టు విప్పేదాకా ఒక్కరోజు మానలేదు.

ఆయన్ను బస్సులోంచి చూసిన రోజు సాయంత్రం అన్నం పెడుతూ, "నాకు బండి నేర్పుండ్రి మామా," అన్నాను. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "సరే బిడ్డా," అన్నారు. క్షమించానని నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు.

ఆదివారాలు ద్రాక్షతోటల పక్కన మట్టిబాట మీద పాత కారులో నేర్చుకున్నాను. మామయ్య పక్కన కూర్చుని కళ్లు మూసుకునేవారు. "ఇంజన్ ఏడుస్తుంది, గేరు మార్చు," అనేవారు. నేను భయపడి స్టీరింగు బిగించి పట్టుకుంటే చప్పుడు లేకుండానే తెలిసిపోయేది. "బండి ఎటు వోదు, జర వదులు," అనేవారు. కోప్పడింది ఒక్కసారే. రోడ్డు మీద ఒక ముసలామెకు గట్టిగా హారన్ కొట్టాను. "రోడ్డు ఆమెది గూడ. ఆగు," అన్నారు.

కొత్త కారు చూసే మాట మళ్లీ వచ్చినప్పుడు మామయ్య వంకలు పెట్టలేదు. "నడిపేది నువ్వు. నీ కాళ్లు అందాలె, నీ కండ్లకు దారి కనవడాలె. నువ్వే చూసుకో," అన్నారు. ఎత్తుగా కూర్చునే చిన్న కారు ఒకటి తీసుకున్నాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే మామయ్య చెయ్యి కారు మీద పెట్టి నిలబడ్డారు. "ఏం రంగు?" అని అడిగారు. అప్పుడు తెలిసింది మాకు, ముందున్న చూపు కూడా పోతోందని. ఆ ఏడు తిరగకముందే అంతా పోయింది.

పోయిన ఆదివారం తెల్లవారుతుండగా ఆయనకు ఆయాసం ఎక్కువైంది. దవాఖానకు నేనే నడిపాను. మామయ్యను పక్క సీట్లో కూర్చోబెట్టి, దుప్పటి కప్పాం. మా ఆయన వెనక నుంచి ఆయన భుజాలు పట్టుకున్నాడు. హైవే మీద మంచు. కొంతదూరం పోయాక మామయ్య అడిగారు, "ముందట ఏముంది బిడ్డా?"

"లారీ ఉంది మామా. ఉల్లిగడ్డ బస్తాలు."

"ఎంత దూరం?"

"రెండు బస్సులంత."

"ఇంక జర ఎడం పెట్టు." ఊపిరి తీసుకుని, "చెప్తుండు," అన్నారు.

చెప్పాను. ఎడమ పక్క మేకలు పోతున్నయ్ మామా. మంట ఏసుకోని ఇద్దరు కూసున్నరు. ఫ్యాక్టరీ గేటు తెరుస్తున్నరు. ఎదురుంగ బస్సు వస్తుంది, లోపల లైటు ఎలుగుతుంది, ఇద్దరే ఉన్నరు. ఆయన ఒక్కొక్కదానికి "ఊఁ" అంటూ వచ్చారు. కాటేదాన్ దాటాక ఆ "ఊఁ" ఆగింది.

"నిద్రవోయిండు," అన్నాడు మా ఆయన వెనక నుంచి.

అయినా నేను ఆపలేదు. చౌరస్తా వచ్చింది మామా. పూల గంపలతోని ఆడోళ్లు ఆటో కోసం నిలవడ్డరు. మంచు జర విచ్చుకుంటుంది. దారి కనవడ్తుంది. దవాఖాన గేటు దాకా చెబుతూనే ఉన్నాను.